ఎడమ డ్రైవు

టేపును డ్రైవులోకి నెట్టాక ఆమె వేలు తీయలేదు. లోపల చక్రాలు తిరగడం వేలికి తెలుస్తుంది. మంచి టేపయితే సన్నగా, ఒకే తీరుగా తిరుగుతుంది. ఇది కాస్త ముందుకు పోయి, వెనక్కి వచ్చి, ఆగి, మళ్లీ మొదటికొచ్చింది. పక్క కుర్చీలో ఉన్న కొత్త కంపెనీ ఇంజనీరు తెర మీదికి వంగి, "ఇదీ ఖాళీనే మేడమ్," అన్నాడు.

"ఖాళీ అంటే?"

"ఖాళీ అంటే ఖాళీయే. చదవడానికి లోపల ఏమీ లేదు. పొద్దుట్నుంచి ఇది పంతొమ్మిదోది." నడివయసు మనిషి. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, తన తప్పేమీ లేదన్నట్టు కొంచెం నవ్వాడు.

ఆమె టేపు బయటికి తీసి లేబులు చూసింది. అరచేతంత నల్ల డబ్బా, దాని మీద తెల్లకాగితం, కాగితం మీద తన రాత. నాలుగేళ్ల కిందటి తేదీ, దాని కింద ఒకటో అంకె. ఒకటి అంటే ఎడమ డ్రైవులో రాసినది. తేదీ చదువుతుంటే ఆమెకి ఎడమ డ్రైవు ముందువైపున రోజూ హెచ్చరికగా మినుకుమినుకుమన్న పసుపు దీపం గుర్తొచ్చింది. ఇంజనీరు చూడకుండా టేపును బల్ల మీద బోర్లా పెట్టింది.

ఆమె పనిచేసే సంస్థకి ఇరవై రెండు రక్తపరీక్షల ల్యాబులున్నాయి. ఏ ల్యాబులో ఎవరి రక్తం చూసినా ఫలితం ఈ ప్రధాన కార్యాలయానికి వచ్చి, రెండేళ్లు సర్వర్లో ఉండేది. ఆపైన స్థలం చాలదని సర్వర్లోంచి తీసేసేవారు. టేపులున్నాయి కదా అన్న ధీమా. రోజూ మధ్యాహ్నానికి ఆమె రెండు టేపులు రాసేది. ఎడమ డ్రైవులో రోగుల రిపోర్టులు, కుడి డ్రైవులో ఆఫీసు కాగితాలు. మూడున్నరకి పెట్టె బాబాయ్ వచ్చి, రెండు టేపులనీ దూదిపొరల పెట్టెలో పెట్టుకుని, బస్సెక్కి, ఊరి అవతల ఒక భవనం నేలమాళిగలో ఉన్న భద్రతాగదికి చేర్చేవాడు. ఇప్పుడు ఆ కాలం అయిపోయింది. అంతా క్లౌడ్‌లో పెట్టాలని, పాత రిపోర్టులన్నిటినీ ఒకే డేటా వేర్‌హౌస్‌గా కూర్చాలని యాజమాన్యం తేల్చింది. ముందుగా ఒకటో నంబరు టేపులు తెప్పించారు. ఇంజనీరు పని వాటిని చదివి పైకి ఎక్కించడం.

ఆ సోమవారం సాయంత్రానికి ఖాళీ టేపులు నలభై ఒకటయ్యాయి. అన్నీ ఒకే పద్నాలుగు నెలల కాలానివి.

సిస్టమ్స్ మేనేజర్ గదిలోకి వచ్చి, నిలబడే విన్నాడు. ఆయన గొంతెప్పుడూ పైకి లేవదు. "అంటే మిగతావీ అంతేనంటారా?"

"ఆ పద్నాలుగు నెలలవన్నీ అంతే అనుకోవచ్చు సార్. మూడొందల యాభై దాకా ఉంటాయి," అన్నాడు ఇంజనీరు. "అరుగుదల అనుకోండి, వేడి అనుకోండి... నేను చెప్పలేను. చదవలేనని మాత్రం చెప్పగలను."

"వేడి," అన్నాడు మేనేజర్. ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

మర్నాడు పదకొండింటికి పెట్టె బాబాయ్‌ని పిలిచారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుందేమోగానీ ఆఫీసంతా ఆయన పెట్టె బాబాయే. యాభై దాటిన మనిషి. కూర్చోమనేదాకా నిలబడి, కూర్చున్నాక కూడా కుర్చీ అంచునే ఉన్నాడు. చేతులు ఒళ్లో ఎడంగా పెట్టుకున్నాడు, పెట్టె పట్టేంత ఎడంగా. బల్లకి అటువైపు మేనేజర్, హెచ్ఆర్ మేడమ్. టేపుల నంబర్లు చూసి చెప్పడానికి ఆమెని ఓ మూల కూర్చోబెట్టారు.

"పెట్టె ఎప్పుడైనా కింద పడేశారా?" హెచ్ఆర్ మేడమ్ అడిగింది.

"లేదండి."

"బస్సులో కింద పెట్టేవారా?"

"ఇంజన్ వేడి ఉంటుంది కదండి కింద. ఒళ్లోనే పెట్టుకునేవాణ్ని. సీటు దొరక్కపోతే భుజాన."

"దారిలో ఎక్కడైనా ఆగేవారా?"

ఆయన లేదని ఉంటే అయిపోయేది. అడిగేవాళ్లు లేరు, చూసినవాళ్లు అంతకన్నా లేరు. "ఒకసారి ఆగానండి," అన్నాడు. "నాలుగేళ్లయింది. మా ఆవిడ హాస్పిటల్లో ఉండింది అప్పుడు. బస్సు దాని ముందునుంచే పోతుంది కదాని దిగాను. పెట్టెతో వార్డులోకి రానివ్వం అన్నారు. పోనీ పెట్టె గేటు దగ్గర వదిలి వెళ్లమన్నారు. ఎలా వదులుతామండి? అందుకని బయట వరండాలో నిలబడి కిటికీలోంచి చూశాను. ఇరవై నిమిషాలు. తర్వాతి బస్సెక్కేశాను."

"వరండా ఎటువైపు?"

"పడమర అండి."

"ఎండ పడుతుందా?"

"వేసవి కదండి. పడింది. నా నీడ దాని మీద పడేట్టు నిలబడ్డాను."

హెచ్ఆర్ మేడమ్ రాసుకుంది. కలం చప్పుడు మూలనున్న ఆమె దాకా వినిపించింది. "ఎండలో ఇరవై నిమిషాలు" అన్న మాటలు పైకి చదివి, అంతేనా అన్నట్టు తలెత్తింది. బాబాయ్ అంతే అన్నట్టు తలూపాడు. విచారణ అయ్యేవరకు పనిలోకి రావద్దని చెప్పారు.

వరండాలో ఆమె ఆయన్ని కలుసుకుంది. "అదెందుకు చెప్పారు బాబాయ్? ఎవరికి తెలుసు?"

"అడిగారు కదమ్మా," అన్నాడాయన. ఆశ్చర్యంగా చూశాడు, ఆమే ఏదో వింత మాట అన్నట్టు. ఆ తర్వాత మెల్లగా, "ఒక్క రోజు ఎండకి అన్ని టేపులు పోతాయా తల్లీ? నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది," అన్నాడు.

"పోవు" అనడానికి ఆమె నోరు తెరిచింది. అప్పుడే మేనేజర్ తలుపు తెరుచుకుంది. బాబాయ్ తలవంచుకుని మెట్ల వైపు నడిచాడు.

మేనేజర్ ఆమెకి కాఫీ తెప్పించాడు. ఆ తర్వాత సొరుగులోంచి పాత కాగితాల కట్ట తీసి బల్ల మీద పరిచాడు. రోజువారీ బ్యాకప్ పట్టీలు. తేదీ, టేపు నంబరు, రాశారా, సరిచూశారా. చివరి గడిలో రోజూ ఒక టిక్కు, పక్కన ఆమె పొట్టి సంతకం. పద్నాలుగు నెలలు, ఒక్కరోజు తప్పకుండా.

"ఇవి మీవే కదా?"

"నావే సార్. కానీ సరిచూడొద్దని మీరే... రాసినదాన్ని మళ్లీ చదివి చూస్తే ఇంకో రెండు గంటలు పడుతుంది, అయిదింటికి భద్రతాగది మూసేస్తారు, టిక్కు పెట్టేయండి అని..."

"నేనన్నానా?" ఆయన అడిగిన తీరులో కోపం లేదు. "అనే ఉంటాను. ఎక్కడైనా రాసిచ్చానా?"

ఆమె పట్టీల మీది తన సంతకాల వైపు చూసింది.

"పసుపు దీపం సంగతి నాకూ తెలుసమ్మా. డ్రైవు మార్చమని పైకి రాశాను. మార్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. దానికి నన్నేం చేయమంటారు? సరే. ఇప్పుడు చూడండి. టేపులు మీ చేతిలోంచి వెళ్లేటప్పుడు బాగుంటే మీ టిక్కులు నిజం. బాగాలేకపోతే మీ టిక్కులు అబద్ధం. మధ్యలో ఇంకో దారి లేదు." ఒక తెల్లకాగితం ఆమె ముందుకి జరిపాడు. "రెండు ముక్కలు చాలు. టేపులు నా దగ్గర ఉన్నప్పుడు బాగున్నాయి అని."

"బాబాయ్ ఉద్యోగం..."

"ఆయన ఉద్యోగం ఎక్కడుందమ్మా? క్లౌడ్ వచ్చాక మోయడానికేముంది? వచ్చే నెలాఖరుకి ఆ పోస్టే లేదు. లేని ఉద్యోగం పోతే ఎవరికి నష్టం? మీదీ నాదీ మాత్రం ఉన్నాయి."

ఆమె రాసింది. రెండు ముక్కలే. సంతకం పెట్టేటప్పుడు అలవాటుగా పక్కన టిక్కు కూడా పెట్టబోయి చెయ్యి ఆపుకుంది.

ఇంటికొచ్చేసరికి అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది. అక్కాచెల్లెళ్లు ఇద్దరే ఉంటారు ఆ రెండు గదుల్లో. ముందు గదిలో ఊరందరి బట్టలు, వెనక గదిలో వాళ్లిద్దరూ.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్? నీ టేపులు చుట్టుకుపోయాయా?"

ఆమె మొత్తం చెప్పింది. అక్క వింటూనే దారం కొరికింది, సూది జాకెట్టుకి గుచ్చుకుంది. "అంటే పెట్టె మోసినాయన నెత్తిన నేరం కూడా పెట్టి మోయమన్నారన్నమాట," అంది.

"నేనూ పెట్టాను కదా అక్కా."

"పెట్టావ్. సరే తిను ముందు."

తినలేకపోయింది. అక్క బలవంతం చేయలేదు.

బుధవారం రెండో నంబరు టేపుల్లో మొదటి విడత, పెట్టెకి పట్టినన్ని, తీసుకురావాల్సి వచ్చింది. మోసే మనిషి లేడు కాబట్టి ఆమెనే వెళ్లమన్నారు. ఇన్నేళ్లలో ఆమె ఆ పెట్టెను నింపిందేగానీ ఎత్తింది లేదు. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో పెట్టెను నడుముకి ఆనించుకుంటే మూడో స్టాపుకే మణికట్టు లాగేసింది. కింద పెట్టబోయింది. కాలికి ఇంజన్ సెగ తగిలి మళ్లీ ఎత్తుకుంది. పక్కన కూర్చున్నావిడ, "బాంబులేమైనా ఉన్నాయా తల్లీ, అలా హత్తుకున్నావ్?" అని నవ్వి, కాస్త జరిగి చోటిచ్చింది.

అంతకుముందు భద్రతాగది గుమాస్తా ఆమెని చూడగానే తలుపు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. "పెద్దాయన రాలేదా? ఆయన రాకపోతే మాకు అయిదెప్పుడవుతుందో తెలీదండి. గడియారం ఆగినా ఆయన మెట్లు దిగుతుంటే సరిచేసుకునేవాళ్లం." ఆమె నవ్వలేకపోయింది. గుమాస్తా అరలోంచి టేపులు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. అరలో ప్రతి తేదీకీ రెండు గూళ్లు, పక్కపక్కనే. ఒకటో నంబరువి వెళ్లిపోయాయి కాబట్టి ప్రతి రెండో గూడూ ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం ఇంజనీరు భోజనానికి వెళ్లినప్పుడు ఆ పద్నాలుగు నెలల్లోంచి ఒక టేపు తీసి డ్రైవులో పెట్టింది. వేలు ఆనించింది. సన్నగా, ఒకే తీరుగా తిరిగింది. తెర మీద పేర్లు, అంకెలు బారులుగా దిగాయి. ఇంకొకటి పెట్టింది. చదివింది. ఇంకొకటి. పదకొండు పెట్టింది, పదకొండూ చదివాయి. అదే తేదీలు, అదే పెట్టె, అదే బస్సు, అదే ఎండ. వేడికి ఎడమ, కుడి తెలియవు కదా.

తెలియనిదేం కాదు. వేలితో చూసుకున్నాక మాత్రం తెలియనట్టు ఉండటం కుదరలేదు. ఆమె పాత పట్టీల్లోంచి ఒక కాగితం ముందుకి లాగి, టిక్కుల వరసను పైనుంచి కిందకి చూసింది. అన్నీ ఒకే వంపుతో, చకచకా పెట్టినవి. ఒక్కోదానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? అర సెకను.

గురువారం పొద్దున్నే మేనేజర్ దగ్గరికి వెళ్లి, నిలబడే చెప్పింది. జత టేపుల్లో ఒకటి బాగుందని, ఇది దారిలో పోయింది కాదని.

ఆయన విని తలూపాడు. "నేను సోమవారమే అనుకున్నాను," అన్నాడు.

"తెలిసీ ఆయన్ని..."

"మీకూ సోమవారమే తెలుసు కదమ్మా." కళ్లజోడు మీదినుంచి చూశాడు. "మీరు మంచివారే. నేనూ రాక్షసుణ్ని కాను. ఇది మన ఇంటి విషయం అనుకుని వదిలేయండి. వారం పోతే ఎవరికీ గుర్తుండదు."

ఆ సాయంత్రం ఆమె కుట్టుమిషను బల్ల ఖాళీ చేయించి కాగితం పెట్టుకుని కూర్చుంది. అక్క ఎదురుగా బొత్తాలు కుడుతూ, అడక్కుండానే, "ఇది ఇస్తే నీ పని అవుట్, అంతేనా?" అంది.

"అంతే."

"ఆయన ఉద్యోగం నిలబడుతుందా?"

"నిలబడదు. నెలాఖరుకి ఎలాగూ ఉండదు."

"మరెందుకే? ఇద్దరూ ఇంట్లో కూర్చోడానికా?" అక్క బొత్తం దగ్గర దారం ముడివేసి, గట్టిగా లాగి చూసింది. చెల్లెలు కలం మూత తీసింది. అది చూసి అక్కే, "రాయి. రాసి పారెయ్. కానీ ఎల్లుండి నుంచి పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నా మీద విసుక్కున్నావంటే ఊరుకోను," అంది. లేచి దీపం ఆమె వైపు జరిపింది.

రాసింది పెద్దదేం కాలేదు. 'పద్నాలుగు నెలల పాటు సరిచూడకుండానే సరిచూసినట్టు టిక్కు పెట్టాను. ఎడమ డ్రైవు పాడైందని నాకు తెలుసు. మొన్న ఇచ్చిన వాంగ్మూలం తప్పు. టేపులు మోసినాయనకి దీనితో సంబంధం లేదు.' మేనేజర్ మాట కూడా ఒక వాక్యంలో రాసింది.

శుక్రవారం హెచ్ఆర్ మేడమ్ రెండుసార్లు చదివింది. "ఆయన చెప్పారన్నదానికి ఆధారముందా?"

"లేదండి."

"మీ టిక్కులకి ఉంది."

"ఉందండి. నావే."

హెచ్ఆర్ మేడమ్ కాగితం ఫైల్లో పెట్టేసింది. మూడింటికల్లా రెండు ఉత్తరాలు తయారయ్యాయి. తప్పుడు నమోదులు చేసినందుకు ఆమెని తీసేస్తున్నామని ఒకటి. పెట్టె బాబాయ్ మీద విచారణ ముగిసిందని, ఆయన పోస్టు నెలాఖరుతో రద్దవుతుందని రెండోది. మేనేజర్‌కి ఉత్తరమేదీ లేదు. క్లౌడ్ పనంతా ఆయనే చూడబోతున్నాడని వరండాలో ఎవరో అనుకుంటున్నారు. ఆమె గదికి వెళ్లి, అలవాటుగా రెండు డ్రైవుల మీదా గుడ్డ కప్పి, తాళాలు ఇంజనీరుకిచ్చింది. అతను లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక, "కుడివైపువి అన్నీ బాగున్నాయి మేడమ్," అన్నాడు.

ఆదివారం పొద్దున బాబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. మూడో అంతస్తులో ఇరుకు వరండా, చివరి తలుపు. ఆయన కుళాయి విప్పి, నేల మీద పరిచిన గుడ్డ మీద దాని ముక్కలు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. కూతురు ముక్కాలిపీట తెచ్చి వేసింది. పెళ్లయి దగ్గర్లోనే ఉంటుందట. తండ్రి సరిగ్గా తినడం లేదని రెండు రోజులుగా ఇక్కడే ఉంది.

"ఉత్తరం అందిందమ్మా," అన్నాడాయన. "విచారణ ముగిసిందని రాశారు. ఎలా ముగిసిందో రాయలేదు."

అది చెప్పడానికే వచ్చానంది ఆమె. దారంతా కూర్చుకున్న మాటలు తీరా నోట్లోకి రాలేదు. తన వాంగ్మూలం నకలు తీసి చేతికిచ్చింది. ఆయన చేతులు తుడుచుకుని, వెలుతురు వైపు తిరిగి, నిదానంగా చదివాడు. ఆఖరి వాక్యం దాకా వచ్చి, మళ్లీ పైకి వెళ్లాడు.

"అంటే టేపులు నేను తీసుకెళ్లేటప్పటికే..."

"అవును బాబాయ్. మొదట్నుంచీ ఖాళీవే. మీ వల్ల పోలేదు. మీ తప్పు రవ్వంత కూడా లేదు. నాది. నన్ను క్షమించమని అడగడానికి..."

"ఖాళీవి," అన్నాడాయన.

కూతురు తండ్రి మొహం చూసి ఒక అడుగు ముందుకేసింది. "నాన్నా, మంచిదే కదా. నీ మీద మచ్చ లేదని ఆవిడ కాగితం రాసిచ్చారు."

ఆయన వినలేదు. "నాలుగుంబావుకి నేను కిటికీ దగ్గర్నుంచి కదిలాను," అన్నాడు. ఎవరికీ చెబుతున్నట్టు లేదు. "ఇంకాసేపు ఉండమని చెయ్యెత్తింది లోపల్నుంచి. అయిదింటికి గది మూసేస్తారు, ఇచ్చేసి వచ్చేస్తానని సైగ చేశాను. నాలుగూ నలభైకి పోయిందట. నేను బస్సులో ఉన్నాను. పెట్టె ఒళ్లో ఉంది."

ఆమెకి ఆ సంగతి తెలియదు. ఆ వారం ఆయన సెలవు పెట్టినట్టు కూడా ఆమెకి గుర్తు లేదు. పెట్టలేదు కాబట్టే గుర్తు లేదేమో.

"ఎండలో పెట్టి పాడుచేశానన్నారు చూడు, రెండు రాత్రులు నిద్రపోలేదు నేను. అయినా అదో రకం. నా వల్ల పోయిందంటే, పోవడానికి అందులో ఏదో ఉన్నట్టు కదా. ఎంతమంది రిపోర్టులో, ఎవరి ప్రాణాలో. అందుకనే ఆ రోజు కిటికీ వదిలి వెళ్లాను." కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఇది మా ఇంట్లో వద్దు తల్లీ. ఆ మాట నా మీదే ఉండనీయాల్సింది."

కూతురు మొహం చాటేసుకుని లోపలికి వెళ్లింది. గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

"ఆ రోజు పెట్టెలో రెండున్నాయి కదా," అన్నాడాయన. "రెండోది?"

"బాగుంది. రెండోవన్నీ బాగున్నాయి."

"దాన్లో ఏముంది?"

అబద్ధం చెప్పొచ్చు. రిపోర్టులేనంటే ఆయన నమ్ముతాడు, అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లు అంతకన్నా లేరు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"ఆఫీసు హాజరు బాబాయ్. ఎవరెవరు పనిలోకి వచ్చారు, ఎవరు రాలేదు అని."

"నాది కూడానా?"

"మీది కూడా."

ఆయన తలూపాడు. రెంచీ అందుకుని, గుడ్డ మీది ముక్కల్లోంచి ఒక రబ్బరు చుట్ట ఏరి, అరిగిందో లేదో వేలితో తడిమి చూశాడు. "ఆ నెలంతా ఒక్కరోజు మానలేదు నేను," అన్నాడు. "దాన్ని పైకి ఎక్కించారా?"

"ఎక్కించారు."

"ఎన్నాళ్లుంటుంది అక్కడ?"

"ఎప్పటికీ ఉంటుందంటున్నారు."

ఆయన ఆ రబ్బరు చుట్టని దాని చోట పెట్టాడు. కుళాయి మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.